వంద పౌండ్ల రిక్షా, ఊరికే చూసిన అమరావతి

లండన్‌లో రిక్షా ఎక్కకండి. కింద రాసిందంతా చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. అమ్మానాన్నలకి ఊరు చూపిద్దామని వెళ్లి, పదమూడు నిమిషాల సవారీకి వంద పౌండ్లు సమర్పించుకొచ్చినదాన్ని చెబుతున్నా.

మేం ఉండేది రెడింగ్‌లో. 2025 జూన్‌లో సత్తెనపల్లి నుంచి అమ్మానాన్నా వచ్చారు. ఆరు నెలల విజిటర్ వీసాకి మనిషికి 127 పౌండ్లు కట్టాం కాబట్టి అంతా తీరిగ్గా చూపించాలని నా ఆశ. నాన్న సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. మా ఆయనకి సెలవు దొరకలేదు. రోజూ రైల్లో వచ్చిపోవడం అమ్మ వల్ల కాదని మూడు రాత్రులు లండన్‌లోనే ఉండేట్టు ప్యాడింగ్టన్ స్టేషన్ దగ్గర గది తీసుకున్నా.

హోటలని పేరే గానీ, పాతకాలపు ఇళ్లు రెండు కలిపి గదులుగా కోసిన కొంప అది. ముగ్గురికీ ఒకే గది, రాత్రికి 142 పౌండ్లు, మొత్తం 426. ఫోటోల్లో తెల్లటి దుప్పట్లూ కిటికీలో పూలకుండీ కనిపించాయి గానీ మెట్లు కనిపించలేదు. లిఫ్ట్ లేదు, గదేమో మూడో అంతస్తులో. నాన్న లెక్కపెట్టారు, 58 మెట్లు. పెద్దావిడండీ, కింద గది ఏదైనా ఉంటే ఇవ్వండని అడిగితే కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే అన్నీ నిండిపోయాయన్నాడు. అమ్మ మెట్టుమెట్టుకీ గోవిందా అనుకుంటూ ఎక్కింది. రెండో మలుపు దగ్గర కూలబడి, “దీనికంటే అలిపిరి నయమే, మధ్యలో మజ్జిగైనా ఇస్తారు” అంది. ఆ ఊళ్లో ఇలాంటివి కొల్లలు. బుక్ చేసేముందు ఫోన్ చేసి, లిఫ్ట్ ఉందా, ఉంటే మా గది దాకా వస్తుందా అని రెండు ప్రశ్నలూ అడగండి. మొదటిది ఒక్కటే అడిగి మోసపోయినవాళ్లు నాకు తెలుసు.

మొదటిరోజు పగలంతా సాఫీగానే గడిచింది. బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కాపలా మార్పు, పార్కులో బాతులు, ట్రఫాల్గర్ స్క్వేర్. రాత్రి లెస్టర్ స్క్వేర్ దగ్గర తినేసి బయటికొచ్చేసరికి తొమ్మిది. ఇంకా వెలుతురే. అక్కణ్ణుంచి బిగ్ బెన్ దాకా నడిస్తే పావుగంట, కానీ అమ్మ అప్పటికే కాళ్లు ఈడుస్తోంది. బస్సు కోసం చూస్తుంటే ఎదురుగా వచ్చి ఆగింది రిక్షా. గులాబీరంగు బొచ్చు అంటించిన సీటు, గొడుగు చుట్టూ మెరిసే లైట్లు, చెవులు పగిలేలా హిందీ పాట. అమ్మ మొహం వెలిగిపోయింది. “ఒసేయ్, ఇక్కడా రిక్షాలున్నాయే!”

ఎంత అని అడిగా. “టెన్ పౌండ్స్, మేడమ్, టెన్” అన్నాడు, వేళ్లు పదీ చూపించి మరీ. మళ్లీ అడిగా, మళ్లీ అంతే అన్నాడు. ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం. కదిలేముందు నా ఫోన్ తీసుకుని మాకు ఫోటో కూడా తీశాడు. ఎంత మంచి కుర్రాడోనని అమ్మ మెచ్చుకుంది. తిన్నగా వెళ్లకుండా అటో సందూ ఇటో సందూ తిప్పుతుంటే ఊరు చూపిస్తున్నాడనే అనుకున్నా.

వెస్ట్‌మిన్‌స్టర్ బ్రిడ్జి దగ్గర దిగాక సీటు వెనకనుంచి ప్లాస్టిక్ అట్ట ఒకటి తీశాడు. అందులో చీమతలకాయంత అక్షరాల్లో ఉంది: నిమిషానికి 10 పౌండ్లు. పదమూడు నిమిషాలు, 130. మూడో మనిషికి మరో 20. కార్డ్ మిషన్లో 150 కొట్టి నా ముందు పెట్టాడు. నేను గట్టిగా అరిచా. వాడు అంతకంటే గట్టిగా అరిచాడు. ఈలోగా వాడి స్నేహితులు ఇద్దరు రిక్షాలు పక్కకి తోసి వచ్చి నిలబడ్డారు. పోలీసుకి ఫోన్ చేస్తానంటే చేసుకోమన్నాడు. నాన్న నా భుజం పట్టుకుని, “ఇచ్చేయమ్మాయ్, పరాయి ఊళ్లో రాత్రిపూట గొడవెందుకు” అన్నారు. తరగతి గదిలో ఆయన గొంతు వింటే వీధి చివర పిల్లలు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు. ఆ గొంతు ఆ రాత్రి సన్నగా వచ్చింది. వంద పౌండ్లు పోతున్నాయన్నదానికంటే అదే నాకు ఎక్కువ మంటెక్కించింది. చివరికి వంద దగ్గర తెగింది. బిగ్ బెన్ వంక ముగ్గురిలో ఎవ్వరం సరిగ్గా చూడలేదు.

తర్వాత తెలిసింది. ఇక్కడ నల్ల టాక్సీలకి మీటరుంటుంది, లైసెన్సుంటుంది. రిక్షాలకి మాత్రం 1869 నాటి గుర్రబ్బండ్ల చట్టంలో ఉన్న సందు వల్ల ఏళ్ల తరబడి ఏ అదుపూ లేదు. 2024 ఏప్రిల్‌లో పార్లమెంటు వీటికోసమే చట్టం చేసి ఆ అధికారం లండన్ రవాణా సంస్థకి ఇచ్చింది. మేం వెళ్లేనాటికి నియమాలు ఇంకా అమల్లోకి రాలేదు. మీరు వెళ్లేనాటికి వచ్చినా సరే, మెట్రో దొరక్కపోతే నల్ల టాక్సీ ఎక్కండి. మీటరు కళ్లముందే తిరుగుతుంది. అది తిరుగుతుంటే గుండె దడదడలాడుతుంది, నిజమే, కానీ అట్ట బయటికి తీయరు.

ఆ రాత్రి నుంచి నాన్నకి రిక్షా ఒక కొలమానమైపోయింది. పదకొండు వేల రూపాయల పైచిలుకు అని లెక్కేసి, “ఆ డబ్బుతో మనూళ్లో పాత రిక్షా కొనుక్కుని మనమే తొక్కుకోవచ్చు” అన్నారు. హోటలు నాలుగుంబావు రిక్షాలు. నది ఒడ్డున జెయింట్ వీల్, లండన్ ఐ, టికెట్టు ధర వినగానే “రిక్షాలో మూడో వంతు దాకా” అని వెనక్కి తిరిగారు. కిందనుంచే చూశాం, ఏం తక్కువ కాలేదు.

బస్సుల గురించి మాత్రం ఆయనకి ఫిర్యాదే లేదు. మేం వెళ్లినప్పుడు, అంటే 2025లో, ఎక్కితే 1.75 పౌండ్లు, గంటలోపు ఎన్ని మారినా అంతే. నోట్లూ చిల్లరా తీసుకోరు, కార్డే. మనిషికొక కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ముగ్గురిని ఎక్కించడం కుదరదు. ఊరు చూపించే టూరిస్టు బస్సులకి మనిషికి నలభై దాకా పోసేబదులు ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర 15వ నంబరు ఎక్కండి. సెయింట్ పాల్స్ చర్చి పక్కనుంచి తీసుకెళ్లి టవర్ దగ్గర దింపుతుంది. అమ్మా నేనూ కింద కూర్చున్నాం, నాన్న పైకెళ్లి ముందు అద్దం దగ్గర డ్రైవరు తనేనన్నట్టు కూర్చున్నారు.

రాజుల కిరీటాలు దాచిన కోట ఈ టవర్ ఆఫ్ లండన్, టికెట్లు ముగ్గురికీ కలిపి 90 పౌండ్లు దాటాయి. అమ్మానాన్నలకి సీనియర్ రేటు ఇచ్చారు, అడగాలి. “రిక్షా కంటే తక్కువే, పద” అన్నారు నాన్న. అసలు ఆయన ఈ దేశం వచ్చిందే దీనికోసం. కొల్లూరు వజ్రాల గనులు మా ఊరి వైపే కదా, కృష్ణ ఒడ్డున. ఇప్పుడు పులిచింతల నీళ్లొచ్చి చాలా భాగం మునిగింది. కోహినూరు అక్కడిదేనని ముప్ఫయ్యేళ్లు పిల్లలకి పాఠం చెప్పిన మనిషి. కిరీటాలు పెట్టిన గదిలో ఫోటోలు తియ్యనివ్వరు. కిరీటాల ముందు నిలబడనివ్వరు కూడా, కింద బెల్టు లాక్కుపోతుంది. తిరుమలలో “జరగండి జరగండి” అని మనుషులు తోస్తారు, ఇక్కడ నేలే తోస్తుంది. అమ్మ భయపడి నా చెయ్యి పట్టుకుంది. కోహినూరు రాజమాత కిరీటంలో ముందువైపు ఉంది. చూశామో లేదో దాటిపోయింది.

నాన్న మళ్లీ వెనక్కెళ్లి వరసలో నిలబడ్డారు. ఎవరూ అడ్డుపెట్టలేదు. మొత్తం నాలుగుసార్లు తిరిగారు. బయటికొచ్చాక అమ్మ “ఇంతేనా, నిమ్మకాయంత ఉంటుందనుకున్నా” అంది. దాంతో మొదలైంది పాఠం. 1849లో పంజాబు మహారాజు దులీప్ సింగ్ పిల్లాడుగా ఉన్నప్పుడు ఇంగ్లీషువాళ్లు లాహోరు ఒప్పందం రాయించుకుని తీసుకున్నారు, 1851లో జనానికి చూపిస్తే మెరవడంలేదన్నారు, మరుసటేడు సాన పట్టించి 186 క్యారెట్లదాన్ని 105 చేశారు. “తీసుకుపోయినవాళ్లు ఉన్నదాన్ని ఉన్నట్టయినా ఉంచలేదు చూడు!” పక్కన ఇనుప కంచె మీద కూర్చున్న పెద్ద కాకి తలవంచి విన్నది. ఆ కాకుల్ని చూసుకోవడానికి జీతమిచ్చి మనిషిని పెట్టారనీ, నెత్తుట్లో నానబెట్టిన బిస్కెట్లు పెడతారనీ తెలిసి అమ్మ ముక్కు మూసుకుంది.

అక్కడే డిస్ట్రిక్ట్ లైన్ మెట్రో ఎక్కితే తిన్నగా ఈస్ట్ హామ్. మూడు రోజుల బ్రెడ్డు తర్వాత అమ్మకి అన్నం కావాలి. హై స్ట్రీట్‌లో చిన్న హోటల్, మీల్స్ 9.99. ఏమీ ఆశించకుండా కూర్చున్నాం. పప్పు, దొండకాయ వేపుడు, మజ్జిగ పులుసు, చివర్లో చిన్న గిన్నెలో గోంగూర పచ్చడి. పైన ఒక ఎండుమిరపకాయ, వేగిన వెల్లుల్లి రేకులు రెండు, చుట్టూ నూనె తేలి ఉంది. అమ్మ వేలితో నాలుక మీద పెట్టుకుని, “ఇది ఎర్ర గోంగూరే” అని తేల్చేసింది. వడ్డించే కుర్రాడు విని నవ్వాడు. నరసరావుపేట. మాస్టర్స్ చదువుతూ వారానికి ఇరవై గంటలు ఇక్కడ పని. “పెద్దమ్మా, ఇంకాస్త వెయ్యనా?” అంటూ మూడుసార్లు వచ్చాడు. అమ్మ సంచిలో మిగిలిన అరిసెల పొట్లం అతని చేతిలో పెట్టేసింది. నాకు దాచిన అరిసెలు అవి. నేనేమీ అనలేదు.

ఆఖరిరోజు బ్రిటిష్ మ్యూజియం. ప్రవేశం ఉచితం, నాన్న లెక్కలో సున్నా రిక్షాలు. ముందుగేటు వరస చూసి భయపడకండి, వెనక మాంటేగ్ ప్లేస్ వైపు ఇంకో ద్వారం ఉంది, మన దేశం గదికి అదే దగ్గర. 33వ గది చివర అద్దాల వెనక 33ఏ, అందులో అమరావతి శిల్పాలు. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారి రోజుల్లో అమరావతిలో దీపాలదిన్నె అనే దిబ్బ తవ్వితే బయటపడిన బౌద్ధ స్తూపం తాలూకు రాళ్లివి, చాలావరకు 1845లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వించినవి. 1859లో ఓడకెక్కాయి. అమరావతికి స్కూలు పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్లిన ప్రతిసారీ నాన్న ఖాళీ దిబ్బ చూపించి, “అసలువి లండన్లో ఉన్నాయిరా” అనేవారట. ఇప్పుడు ఆ అసలువాటి ముందు నిలబడి ఒక్క మాటా మాట్లాడలేదు.

ఒక ఫలకం రెండువైపులా చెక్కి ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంది, బోధివృక్షానికి మొక్కుతున్న జనం. మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో దాన్నే తిప్పి రెండోవైపు స్తూపం చెక్కారు. రాయి వృథా చెయ్యకూడదనుకున్నారు కాబోలు. పూర్ణఘటం కనిపించగానే అమ్మ గుర్తుపట్టింది, “గవర్నమెంటు కాగితాల మీద ఉండే కలశం కదా ఇది”. తర్వాత దగ్గరికి వంగి, రాయి అంచు వంక చాలాసేపు చూసింది. పచ్చటి ఛాయ ఉన్న బూడిదరంగు.

“ఏమండీ, ఇది మన వరండాలో పరిచిన నాపరాయే.”

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. “పలనాటి రాయే మరి” అన్నారు. గంటన్నర ఆ గది దాటి కదల్లేదు. ఈజిప్టు మమ్మీలు చూడలేదు, దాని గురించి ఎవ్వరికీ బాధ కూడా లేదు.

వచ్చి రెండు వారాలైంది. కోహినూరుకి ఫోటో లేదు, అమరావతి రాళ్లకి అద్దం మీద నా నీడ పడింది. అమ్మ వాట్సాప్‌లో పెట్టుకున్న ఫోటో మాత్రం ఆ దొంగవెధవ తీసిందే: గులాబీ బొచ్చు సీటు మీద ముగ్గురం, అమ్మ పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. నాన్న రోజూ తీసెయ్యమంటున్నారు. నిన్న సత్తెనపల్లి నుంచి మా పిన్ని ఫోన్ చేసి, అక్కయ్యా, రిక్షాకి ఎంతయింది అని అడిగింది. “పది” అంది అమ్మ.