అంబాజీపేటలో చేయించిన జారుడు రేకు

మా అటక ఎత్తు 8 అడుగులు. కురిడీ (లోపలే ఎండిన కొబ్బరికాయ) బస్తాలు దించడానికి పోయినేడు వేరే ఊళ్లో ఒకాయన చేత రేకు చేయించాం. నేల మీద 8 అడుగులు మాత్రమే వచ్చేలా నిటారుగా పెట్టేశాడు. బస్తా దిగిన ఊపుకి ఆరడుగుల అవతలున్న గోడని గుద్దేది. నెలల తరబడి అటక మీద ఉంచిన కాయ అది. చెవి దగ్గర ఊపితే లోపల ఎండిన కొబ్బరి గుండు గలగలమనాలి. ముక్కల చప్పుడు వినిపిస్తే కడుపు తరుక్కుపోయేది.

ఈసారి అంబాజీపేటలో ఒక వెల్డింగ్ మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన ముందు మా గోనె బస్తా ఒకటి తెప్పించుకున్నాడు. రేకు మీద పెట్టి ఒక కొస మెల్లగా లేపుతూ, బస్తాని వేలితో నెట్టి చూశాడు. నెట్టిన బస్తా వేగం పెరక్కుండా, ఆగకుండా ఒకే తీరుగా జారిన చోట కొలిచాడు. నేల మీద 10 అడుగులకి ఎత్తు 4.

"బాబాయ్ గారూ, ఎత్తు తగ్గించలేం కదండీ, నేల పెంచుకుందాం" అన్నాడు. 10కి 4 అంటే ప్రతి అడుగు ఎత్తుకీ రెండున్నర అడుగుల నేల కావాలి. 8 అడుగులకి 20. వాలు ఎంతైనా ఈ మొత్తం మారదట. నిటారుగా పెడితే రాపిడి తక్కువ దూరం తగిలి బస్తా ఎక్కువ వేగంతో కిందికొస్తుంది, ఆ మిగిలిన ఊపంతా చదును మీదే ఆగాలి. పాత రేకుకి ఇంకా 12 అడుగులు కావాలి, మా గోడ ఆరడుగుల్లోనే ఉంది!

కొత్తది గోడౌన్ పొడవు వైపు తిప్పాడు. వాలు 15 అడుగులు, చివర అదే రేకు చదునుగా 5. బస్తాలు కొస దాకా కూడా రావట్లేదు, అడుగు ముందే ఆగుతున్నాయి. వంపు దగ్గర కొంత ఊపు పోతుందన్నాడు. సగం నింపిన సంచి, నిండు బస్తా దాదాపు ఒకే చోట ఆగడం చూసి మా వాళ్లు నమ్మలేదు. బరువు పెరిగితే లాగుడూ రాపిడీ రెండూ అంతే పెరుగుతాయి మరి.

రెండు రోజులన్న పని నాలుగు రోజులు పట్టింది, అదొక ఇబ్బంది. ముసురు రోజుల్లో తడిసిన గోనె మధ్యలో ఆగుతోంది, గుడ్డతో తుడవాలి. పని మాత్రం గట్టిది, అంచులు చెయ్యి కోసుకోకుండా మడిచాడు.

ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు మీ బస్తా ఒకటి బండి మీద వేసుకెళ్లండి. ప్లాస్టిక్ సంచులు వాడేవాళ్లయితే అదే తీసుకెళ్లాలి, గోనె లెక్క దానికి పనికిరాదు.