అబార్త్ పుంటోకి తొట్టి కట్టి నాలుగేళ్లు

నరసాపురం రేవులో పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పడవ) మీద పనిచేసే కుర్రాడు మొదటిసారి చూసి అడిగిన మాట ఇది: "ఇదేటండీ, రేసు కారుకి తొట్టి కట్టేరు?" నవ్వేసి ఊరుకున్నాను. కారు, అంటే ఫియట్ వాళ్లు వేగం కోసం చేసిన చిన్న కారు అబార్త్ పుంటో, ఎప్పటినుంచో ఉంది. నాన్నగారి తర్వాత కొబ్బరి తోట నా మీద పడింది. ఇల్లు నరసాపురంలో, తోట సఖినేటిపల్లి వైపు, మధ్యలో వశిష్ఠ గోదావరి. 45 రోజులకోసారి దింపు, అంటే చెట్ల మీంచి కాయలు దించడం. ప్రతిసారీ బండి మాట్లాడుకుని, అది వచ్చేదాకా తోటలో కూర్చోవడం విసుగొచ్చి 2021లో ఒకే ఇరుసు ఉన్న చిన్న ట్రైలర్ కొన్నాను.

కాగితాలన్నీ ఉన్నదే చూసి కొన్నాను. 1988 మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. వెల్డింగ్ షాపులో చేయిస్తే చవగ్గా వచ్చేది కానీ, ప్రతి చెక్ దగ్గరా ఆ టెన్షన్ నాకెందుకు?

ఖాళీ ట్రైలర్ 130 కిలోలు. ఒలిచిన కాయలు మూడొందల యాభై వేస్తే ఇంకో 200 పైన. దీనికి బ్రేకులు లేవు, ఆపే పనంతా కారుదే. కారుకి నాలుగు చక్రాలకీ డిస్కులే కాబట్టి ఆ విషయంలో ఇంతవరకు భయపడలేదు. గట్టి సస్పెన్షన్ కూడా కలిసొచ్చింది. ఇదే బరువు మా బావమరిది మెత్తటి కారుకి తగిలిస్తే వెనక భాగం నేలకి దిగిపోయి హెడ్‌లైట్లు చెట్లమీదికి కొట్టాయి.

ఇక పవర్. 1.4 లీటర్ల టర్బో పెట్రోల్, 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్. కాగితం మీద చూస్తే ఈ తొట్టి ఒక లెక్కా అనిపిస్తుంది. పంటు లేనప్పుడు ఇదే గోదావరి దాటించే చించినాడ వంతెన ఎక్కేటప్పుడు నిజంగానే వెనక ఏదో ఉందన్న సంగతే తెలియదు. తెలిసేదంతా రేవులో తెలుస్తుంది. ఆ టార్క్ 2000 ఆర్‌పీఎం దాటాకే వస్తుంది. ఆ లోపు ఇది మామూలు పెట్రోలు కారు, ఇంకా చెప్పాలంటే దానికంటే బద్ధకం. పంటు దిగి, తడి రేవు మీద, ముందు స్కూటర్లు అడ్డం తిరుగుతుంటే, అంగుళం అంగుళం ఎక్కాలి. క్లచ్ సగం మీద పెట్టి ఇంజిన్ అరిపించడం తప్ప దారి లేదు. రెండో ఏడు దాటకముందే క్లచ్ ప్లేట్ మార్పించాను. అది కారు తప్పు కాదు, నేను దానికి పెట్టిన పని అలాంటిది.

ఇప్పుడు పంటుకి వెళ్లేముందు పోటు వేళ చూసుకుంటాను. ఇక్కడి గోదావరికి సముద్రపు పోటుపాట్లు తగులుతాయి. పోటు మీద ఉంటే రేవు ఎక్కుడు తక్కువ. పాటు వేళ వెళ్తే నీళ్లు దిగిపోయి, ఎక్కాల్సిన వాలు బాగా పెరుగుతుంది. పైగా కారు ఎత్తే తక్కువ, వెనక వేయించిన హుక్కు ఇంకా కిందికి వేలాడుతుంది. ముందు చక్రాలు పంటు రేకు ఎక్కగానే హుక్కు కింద గీరుకునేది. హుక్కు మీద తొట్టిని తగిలించే బంతిని రెండంగుళాలు పైకి వేయించాను. దాంతో ట్రైలర్ ముక్కు పైకి లేచింది, కాయలన్నీ వెనక్కి దొర్లాయి. ఒకటి సరిచేస్తే ఇంకోటి. చివరికి కమాన్ కట్టల దగ్గర దిమ్మలు పెట్టించి తొట్టిని కూడా లేపించాక గానీ సమంగా రాలేదు.

కాయలు దొర్లడం చిన్న విషయం అనుకున్నాను. ఒక దింపులో హడావిడిగా వెనక డోర్ నుంచి పోసేసి, పంటు ఆపేశారని వంతెన మీదుగా వస్తున్నాను. దిగుడులో 75 దాటింది. తొట్టి కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెట్టి, రెండు మూడు ఊపుల్లోనే కారు తోకని కూడా లాగేసింది. బ్రేకు మీదికి వెళ్లిన కాలు ఎలా ఆగిందో తెలియదు. యాక్సిలరేటర్ మాత్రం వదిలేసి స్టీరింగ్ కదలకుండా పట్టుకున్నాను. 50కి పడ్డాక ఊపు తగ్గింది. పక్కకి ఆపి చూస్తే బరువంతా ఇరుసుకి వెనక ఉంది.

అప్పటినుంచి కాయలు గోతాల్లోనే, ఇరుసుకి కాస్త ముందుకి, మధ్యలో చెక్క అడ్డం. ఇంట్లో ఒళ్లు బరువు చూసుకునే మిషన్ తెచ్చి కప్లింగ్ (బంతి మీద కూర్చునే తొట్టి ముక్కు) కింద పెట్టి చూస్తాను. మొత్తం 340 కిలోలుంటే ముక్కు మీద 35 దగ్గర ఉండాలి. పదో వంతు. భయంతో ఒకసారి 70 దాకా పెట్టాను. ఇది ముందు చక్రాలు లాగే కారు కదా, వెనక బరువు పడేసరికి ముందు తేలికైపోయి రేవు నాచు మీద టైర్లు గిర్రున తిరిగాయి. కుర్రాళ్లు తోస్తే గానీ ఎక్కలేదు.

రివర్స్ గురించి తక్కువ చెప్పుకుంటే మంచిది. తొట్టి ఎంత పొట్టిదైతే అంత త్వరగా అడ్డం తిరుగుతుంది. తోట దగ్గర కాలువ గట్టు మీద నేను ప్రయత్నించడం మానేశాను. ఖాళీ తొట్టి విప్పి చేత్తో తిప్పుకోవడమే సుఖం.

మైలేజీ 12 నుంచి 9కి పడింది, ఊహించిందే. ఊహించనిది బేరింగులు. పరుగెత్తి వేడెక్కిన హబ్బు (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) రేవు నీళ్లలో మునిగితే, లోపలి గాలి చల్లబడి ముడుచుకుని, సీలు సందులోంచి నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. అది కూడా ఉప్పు కలిసిన నీళ్లు. మొదటి వర్షాకాలం దాటేసరికి ఎడమ చక్రం ఈల వేసింది. ఇప్పుడు రేవుకి వచ్చాక టీ తాగి, హబ్బు చేత్తో ముట్టుకుని చల్లబడిందో లేదో చూసి దించుతాను. రెండు దింపులకోసారి కొత్త గ్రీజు.

ఇంతా చేసి, కొత్త క్లచ్ పడ్డ దగ్గర్నుంచి నిండు తొట్టితో నరసాపురం రేవు ఎక్కడం లేదు. పంటు మీదే విప్పేస్తాను, నలుగురు కుర్రాళ్లు తోసి పైకి తెస్తారు, తలా రెండు కాయలూ టీ డబ్బులూ. కారు ఖాళీగా ముందు ఎక్కి పైన వాళ్ల కోసం ఆగుతుంది.