యూపీఐ: చిల్లర గొడవ పోయింది, సిగ్నల్ టెన్షన్ వచ్చింది

2016లో వచ్చిన యూపీఐ గురించి సూటిగా చెప్తాను: వాడండి, కానీ జేబులో కాస్త క్యాష్ లేకుండా బయటికి వెళ్ళకండి. రైతుబజార్లో కొత్తిమీర కట్టకి కూడా స్కాన్ చేసి ఇచ్చేయొచ్చు, చిల్లర లేదంటూ చాక్లెట్ చేతిలో పెట్టే బాధ తప్పింది. సిగ్నల్ పోతే మాత్రం ఫోన్ ఉన్నా లేనట్టే. 2025 ఏప్రిల్ 12న అయితే యూపీఐలోనే సమస్య వచ్చి దేశంలో చాలాచోట్ల గంటల తరబడి పేమెంట్లు ఆగిపోయాయి, అప్పటికే టీ తాగేసినవాళ్ళ సంగతేంటో పాపం! నెట్ లేనప్పుడు *99# డయల్ చేసి డబ్బు పంపే దారి ఉంది గానీ ఆ మెనూలు నొక్కేసరికి ఓపిక అయిపోతుంది. అసలు భయం మోసగాళ్ళతోనే. డబ్బు మనకి రావడానికి పిన్ అక్కర్లేదు, కొట్టమన్నాడంటే వాడు దొంగే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళకి యాప్ పెట్టిచ్చేటప్పుడే ఇది చెప్పేయండి.