మహిళా కోటా: సీటు రిజర్వేషనా, పార్టీ టికెట్ల కోటానా? కోర్టుకెక్కితే ఏది మేలు?

నల్గొండ పల్లెల్లో సర్పంచ్ ఎన్నికలనగానే ముందు వినబడేది "మన ఊరు మహిళకొచ్చిందా, జనరలా?" అన్న మాటే. మహిళకొచ్చిన ఊళ్లో మగాయన నామినేషన్ వేస్తే పరిశీలనలోనే తిరస్కరిస్తారు. ఆ సీటు కోసం ఏ ఆడబిడ్డా హైకోర్టు మెట్లెక్కాల్సిన పని లేదు. సీటునే రిజర్వ్ చేయడంలో ఉన్న బలం ఇదే.

మెక్సికో రెండో దారి పట్టింది. సీట్లు రిజర్వ్ చేయలేదు, పార్టీలు ఇచ్చే టికెట్లకు కోటా పెట్టింది. అయితే పార్టీలో అంతర్గత ఎన్నిక పెట్టి అభ్యర్థిని ఎంచుకుంటే కోటా వర్తించదని మినహాయింపు ఉండేది. పార్టీలు ఆ సందునే వాడుకున్నాయి. పైగా 2009లో గెలిచిన కొందరు మహిళలు కొద్దిరోజులకే సెలవు పెట్టి, తమతోపాటే ప్రత్యామ్నాయ సభ్యులుగా (అసలు సభ్యురాలు తప్పుకుంటే ఆ సీట్లో కూర్చునేవాళ్లు) ఎన్నికైన మగవాళ్లకు సీటు వదిలేశారు. సర్పంచ్ భర్తల పెత్తనం చూసిన మనకు ఇది తెలియని సంగతేం కాదు. మహిళా నాయకులు ఎన్నికల ట్రిబ్యునల్‌కెళ్లారు. 2011 నవంబరు 30న తీర్పొచ్చింది: మినహాయింపు చెల్లదు, టికెట్లలో 40 శాతం కోటా పాటించాల్సిందే, మహిళా అభ్యర్థికి ప్రత్యామ్నాయం కూడా మహిళే కావాలి. 2012లో దిగువసభలో మహిళలు మూడో వంతు దాటారు. 2014లో టికెట్లలో సగం సగమన్నది రాజ్యాంగంలోకే ఎక్కింది.

కెన్యా కథ వేరు. ఎన్నికయ్యే సభల్లో ఆడవాళ్లయినా మగవాళ్లయినా మూడింట రెండు వంతులు మించొద్దని 2010 రాజ్యాంగం చెప్పింది, ఎట్లా అన్నది చెప్పలేదు. 2015 ఆగస్టు 27 లోపు చట్టం తెమ్మని 2012లో సుప్రీంకోర్టు గడువిచ్చింది. చట్టం రాలేదు. 2020లో ప్రధాన న్యాయమూర్తి డేవిడ్ మరాగా పార్లమెంటునే రద్దు చేయమని అధ్యక్షుడికి సలహా ఇచ్చారు. హైకోర్టు దాన్ని ఆపింది, సభ 2022 దాకా సాగింది.

లోక్‌సభ, అసెంబ్లీల్లో మూడో వంతు సీట్లు మహిళలకిచ్చే మన 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ సీటు రిజర్వేషన్ దారిలోనే ఉంది. రాజ్యాంగంలోనే రాశారు గనుక పునాది గట్టిది. కానీ జనగణన, ఆ తర్వాత డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) అయ్యాకే అమలని షరతు పెట్టారు, తేదీ వేయలేదు. ఆ షరతు మీదే కాంగ్రెస్ నాయకురాలు జయా ఠాకూర్ సుప్రీంకోర్టుకెళ్లారు. చట్టంలోనే వాయిదా రాసి ఉన్నప్పుడు కోర్టు అమలు చేయించడం చాలా కష్టం. ఈలోపు 2024 లోక్‌సభ ఎన్నికలు జరిగిపోయాయి. నల్గొండ, భువనగిరి, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ నాలుగింట్లో గెలిచిన మహిళ ఒక్క డి.కె. అరుణే. ఆలేరు నుంచి ఆరుట్ల కమలాదేవిని, తుంగతుర్తి నుంచి మల్లు స్వరాజ్యాన్ని అసెంబ్లీకి పంపిన ప్రాంతం ఇది!

నన్నడిగితే సీటు రిజర్వేషనే మేలు. టికెట్ల కోటా అయితే గెలవని చోటల్లా ఆడవాళ్లను నిలబెట్టి లెక్క సరిచేస్తారు. కానీ షరతు తీసేసి, ఇప్పుడున్న 543 లోక్‌సభ సీట్లలోనే 181 ఇవ్వాలి. అంతదాకా మెక్సికోలాగా, కోటా తప్పిన పార్టీ జాబితాను ఎన్నికల సంఘం తీసుకోకుండా ఉండే నిబంధనైనా తేవాలి.