గడ్డి మెషిన్ తీసుకోండి, దాంతో వచ్చే చెట్లకు మాత్రం డబ్బు పెట్టకండి

ఐదు నెలలుగా వాడుతున్నాను, ఇక రాయొచ్చు అనిపించింది. స్టాటిక్ గ్రాస్ మెషిన్ (నైలాన్ పోగులను గడ్డిలా నిలబెట్టి అంటించేది) ఒకటి, గడ్డి ప్యాకెట్లు మూడు, జిగురు సీసా, ఐదు రెడీమేడ్ చెట్లు, అన్నీ ఒకే డబ్బాలో పెట్టి డయోరమా (నేల, చెట్లతో సహా చేసే చిన్న బొమ్మ దృశ్యం) సెట్ అని అమ్ముతున్నారు. ఆన్‌లైన్‌లో నాకు రూ.2,800 పడింది. ఇలాంటివి రకరకాల పేర్లతో దొరుకుతున్నాయి, కాబట్టి పేరు రాయను, ఏ వస్తువు పనికొచ్చింది, ఏది రాలేదు అన్నదే చెప్తాను.

నేను చేస్తున్నది 1/35 స్కేలులో, అంటే అసలు సైజులో 35వ వంతుకు, అసల్ ఉత్తర్. పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర 1965 సెప్టెంబర్ 8 నుంచి 10 వరకు జరిగిన ట్యాంకుల యుద్ధం. మనవాళ్లు రాత్రికి రాత్రి పొలాలకు నీళ్లు వదిలి, చెరకు తోటల్లో మాటు వేసి కూర్చుంటే, పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు వచ్చి ఆ బురదలో దిగబడ్డాయి. మన సైన్యం లెక్క ప్రకారం వాళ్లు పోగొట్టుకున్నవి 97. అక్కడ మన వైపు షెర్మన్ ట్యాంకులు నడిపిన దక్కన్ హార్స్ 1790లో నిజాం కొలువులో పుట్టిన దళం, ఆ సంగతి చదివిన రోజే ఈ బొమ్మ చేయాలని పట్టుకుంది నాకు. ఇటాలెరి కంపెనీ ఎం47 ప్యాటన్ ట్యాంకు కిట్ మూడు వారాల్లో అయిపోయింది. నేల మాత్రం ఐదో నెలలో ఉంది. ఆ యుద్ధంలో సగం పని చేసింది నేలే కదా, అది నమ్మేలా లేకపోతే ట్యాంకు ఎంత బాగా వచ్చినా అల్మారాలో పెట్టిన బొమ్మలాగే ఉంటుంది.

ముందు చెట్ల సంగతి చెప్పేస్తాను, ఎక్కువ బాధ అక్కడే కాబట్టి. డబ్బా మీద అన్ని స్కేళ్లకూ సరిపోతాయని రాశారు. సరిపోవు. ఆ ఐదు చెట్లూ 15 సెంటీమీటర్ల ఎత్తువి. రైలు బొమ్మలు చేసేవాళ్ల 1/87 స్కేలులో అది 13 మీటర్ల చెట్టు, బ్రహ్మాండంగా ఉంటుంది. మన 1/35లో అదే చెట్టు 5 మీటర్ల పైచిలుకే, ప్యాటన్ పక్కన పెడితే పెరటి జామచెట్టులా కనిపిస్తుంది. ఎత్తు సరే, చిన్నచెట్టు అనుకుని సరిపెట్టుకుందామంటే ఆకు ఒప్పుకోదు. కొమ్మలకు అంటించిన పచ్చ స్పాంజి ముక్క ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్లు, అంటే మన స్కేలులో జానెడు ఆకు. మోదుగకు తప్ప దేనికీ నప్పదు, మోదుగ ఆకారం కూడా కాదు అది. కాండం ప్లాస్టిక్, మెరుస్తోంది, అచ్చు పోసిన గీత పై నుంచి కింద దాకా స్పష్టంగా ఉంది. చెట్ల కోసమే ఈ సెట్ కొనాలనుకునే వాళ్లు ఇక్కడే ఆగిపోండి.

మెషిన్ మాత్రం నిజంగా మంచిది. 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది, చూడటానికి టార్చిలైటు చివర టీ వడపోత బిగించినట్టు ఉంటుంది. నేల మీద జిగురు రాసి, ఆ తడిలో ఒక మేకు గుచ్చి, మెషిన్ నుంచి వచ్చే వైరు క్లిప్పు ఆ మేకుకి పెట్టాలి. గిన్నెలో నైలాన్ పోగులు వేసి, స్విచ్ నొక్కి, రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో నెమ్మదిగా ఆడించాలి. జల్లెడలోంచి దిగే ప్రతి పోగుకీ కరెంటు ఛార్జి పట్టి, సూది దిగినట్టు నిలువుగా వెళ్లి జిగురులో గుచ్చుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు నేను స్విచ్ వదిలేసి కిందికి వంగి కళ్లు దగ్గరగా పెట్టి చూశాను. అరచేయంత జాగాలో వేల పోగులు, ఒక్కటి కూడా పడుకోలేదు, ఊదితే అన్నీ ఒకేవైపు ఊగి మళ్లీ లేచాయి. చేత్తో చల్లితే ఈ జన్మలో రాదు ఆ పని. ఒక జాగ్రత్త, జల్లెడనూ క్లిప్పునూ ఒకేసారి ముట్టుకోకండి, గట్టిగానే కొడుతుంది.

లోపాలు లేవని కాదు. క్లిప్పు వైరు పొట్టిది, 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల పొడవున్న నా బేస్ మీద అవతలి మూలకు అందదు, నేను ఒక మీటరు వైరు కలిపి అతికించుకున్నాను. జల్లెడ కన్ను 2, 4 మిల్లీమీటర్ల పోగుకు బాగుంది, 6 మిల్లీమీటర్లది వేస్తే ఇరుక్కుపోతుంది, ఆ పొడవుకు పెద్ద కన్నున్న జల్లెడ ఇంకొకటి ఇచ్చి ఉండాల్సింది. జిగురు సీసా దండగ, ఫ్యాను కింద ఐదు నిమిషాల్లో పొర కట్టేస్తుంది, తర్వాత పోగు దిగదు, పైన నిలబడి రాలిపోతుంది. ఫెవికాల్‌లో నాలుగో వంతు నీళ్లు కలిపి, ఫ్యాను ఆపి, అరచేయంత జాగా చొప్పున చేసుకుంటూ పోతే ఏ ఇబ్బందీ లేదు. మాది విశాఖ, సముద్రపు గాలికి పోగులు చెమ్మెక్కి ఉండలు కడతాయి, వాడే ముందు ఒక పూట ఎండలో పెట్టి, డబ్బాలో బియ్యం మూటతో పాటు దాచుకుంటున్నాను.

గడ్డి రంగు గురించి ఒక మాట. ప్యాకెట్లో ఉన్న పచ్చ రంగు ప్లాస్టిక్ తివాచీ పచ్చ, ఏ దేశంలోనూ గడ్డి అలా ఉండదు. ఎండుగడ్డి రంగు పోగులు విడిగా కొని కలపాల్సిందే. సెప్టెంబర్, వానలు వెనక్కి తగ్గే రోజులు, కాబట్టి నేను పచ్చ రెండు పాళ్లు, ఎండు రంగు ఒక పాలు, గోధుమ రంగు చిటికెడు కలిపాను. ముందు 2 మిల్లీమీటర్లది, ఆరాక అక్కడక్కడ మాత్రమే 4 మిల్లీమీటర్లది. స్కేలులో ఇవి 7, 14 సెంటీమీటర్ల గడ్డి, పొలం గట్టుకు సరిగ్గా సరిపోయాయి. అంతటా ఒకే మందాన వేయకండి, మనుషులు నడిచే గట్టు మీద మధ్యలో మట్టి కనపడాలి.

ఈ మెషిన్ నాకు ఎక్కువగా అక్కరకొచ్చింది చెట్టుకి. ఆ పొలాల గట్ల మీద నల్లతుమ్మ ఉంటుంది, అక్కడివాళ్లు కీకర్ అంటారు, మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన చెట్టే. పాత కరెంటు కేబులు పొట్టు తీసి, లోపలి రాగి పోగులు 60 దాకా మెలేసి కాండం చేశాను, పైకి పోయే కొద్దీ రెండేసి, మూడేసి పోగులుగా చీల్చుకుంటూ కొమ్మలు. ఎత్తు 22 సెంటీమీటర్లు, అంటే దాదాపు 7.7 మీటర్లు. గోడ పుట్టీ, ఫెవికాల్ కలిపి పూసి, సగం ఆరాక సూదితో నిలువుగా గీసుకుంటూ పోయాను. తుమ్మ బెరడు నిలువు పగుళ్లు కదా, లోతుగా, నల్లగా. కాండం అంతా ఒకే పగులు పట్టకుండా గీతలు మధ్యలో విడిచి, పక్కకు జరిపి మళ్లీ మొదలుపెడితేనే తుమ్మలా వచ్చింది. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు, చిక్కంతా కొమ్మ చివర ఉండే సన్న రెమ్మల దగ్గరే. రాగి పోగు ఎంత సన్నదైనా చివర మొద్దుగా ఆగిపోతుంది. కాండం కింద రాగికి క్లిప్పు పెట్టి, కొమ్మల చివర్లకు మాత్రం జిగురు రాసి, గోధుమ రంగు 4 మిల్లీమీటర్ల పోగులు మెషిన్‌తో వదిలితే కొమ్మ చుట్టూ అన్నివైపులా రెమ్మలు పుట్టుకొచ్చాయి. దాని మీద హెయిర్ స్ప్రే కొట్టి, మెత్తటి పచ్చ స్పాంజి పొడి పల్చగా చల్లాను. తుమ్మాకు చింతాకు కంటే చిన్నది, నీడ కూడా చిల్లులు పడ్డట్టే ఉంటుంది, ఆకు సందుల్లోంచి ఆకాశం కనపడకపోతే అది తుమ్మ కాదు. ఈ ఒక్క చెట్టుకే నాకు డబ్బు తీరిపోయింది అనిపించింది.

మట్టి దగ్గర నేనొక తప్పు చేశాను. పెరట్లో మట్టి తెచ్చి, మూకుట్లో వేయించి, పాత వాయిల్ చీర ముక్కలో జల్లించి వేశాను, ఆరాక చూస్తే ఎర్రగా ఉంది. మా ఎర్రమట్టి అది, పంజాబ్ ఒండ్రుమట్టి బూడిద కలిసిన లేత గోధుమ రంగు. రంగు వేసి కప్పేశాను గానీ రెండు రోజులు వృథా. బీచ్ ఇసుక కూడా వాడకండి, కనీకనపడని 0.3 మిల్లీమీటర్ల రేణువు మన స్కేలులో సెంటీమీటరు గులకరాయి అవుతుంది, పైగా తళుకులు. చిన్న బేస్ అయితే టమియా వాళ్ల డయోరమా టెక్స్‌చర్ పెయింట్‌లో డార్క్ ఎర్త్ హాయిగా వాడొచ్చు, 100 మిల్లీలీటర్ల డబ్బా, కత్తితో పరిస్తే చాలు. నా బేస్ అంత పెద్దదానికి అది ఖర్చు, పుట్టీ, ఫెవికాల్, జల్లించిన మట్టి కలిపిన ముద్దే మేలు. ఆ ముద్ద తడిగా ఉండగానే ట్యాంకును నొక్కి, గొలుసు అచ్చులు పడనిచ్చి తీయాలి. ఆరిన మట్టి మీద పెట్టిన ట్యాంకు గాల్లో తేలుతున్నట్టు ఉంటుంది, ఎన్నో మంచి బొమ్మలు అక్కడే పోతున్నాయి. గొలుసులకు పట్టిన బురద కూడా ఆ ముద్దదే అయి ఉండాలి, వేరే రంగు బురద వేరే ఊరి నుంచి తెచ్చినట్టు కనిపిస్తుంది.

చెరకు ఏ సెట్లోనూ రాదు. కొండచీపురు పుల్లల సన్న కొసలు గడలకు సరిగ్గా సరిపోయాయి, 7 సెంటీమీటర్ల చొప్పున కోసి, ప్రతి 3 మిల్లీమీటర్లకు కణుపు గీత పెట్టాను. ఆకులకు బటర్ పేపర్, రంగు వేసి ఒక మిల్లీమీటరు వెడల్పున కోసి, నడిమి ఈనె కోసం సూది మొనతో పొడవునా ఒక నొక్కు. ఆ నొక్కుతో కాగితం దానంతట అదే దోనెలా ముడుచుకుని, కొస దగ్గర వాలుతుంది. చోడవరం దగ్గర చెరకు వేసే మా మావయ్య చూసి, "బాగుందిరా, కానీ కింది ఆకు పచ్చగా ఎందుకుంది? ఆ ఎత్తు తోటలో కింద ఎండుటాకు వేలాడుతూ ఉంటుంది, గడలు పడిపోకుండా జడ చుట్టేది దాంతోనే కదా" అన్నారు. అంత ముఖ్యమైనది నాకు తట్టనే లేదు. 140 గడలకూ కింది ఆకులు పీకి, గడ్డి రంగువి మళ్లీ అంటించాను. ఇప్పుడది తోట.

నీళ్లకు పారదర్శక రెసిన్, 2 మిల్లీమీటర్ల పొరలు రెండు, మొదటి పొరలో మట్టి రంగు చుక్క. అంతే.

చివరికి కొనాలా వద్దా అంటే, మెషిన్ ఒక్కటే విడిగా దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. సెట్టుగానే దొరికితే మెషిన్ కోసమే కొంటున్నామని లెక్కేసుకోండి. 2, 4 మిల్లీమీటర్ల ఎండు రంగు పోగులు ముందే తెప్పించి పెట్టుకోండి, అవి లేకుండా మొదలుపెట్టొద్దు. ఆ ఐదు రెడీమేడ్ చెట్లు 1/87 రైలు బొమ్మలు చేసే మా వీధి కుర్రాడికి ఇచ్చేశాను, వాడి స్టేషన్ పక్కన చక్కగా అమరాయి.