టైల్స్ పనికి కువైట్ మేలా, బెంగుళూరు మేలా?

రాయచోటి చుట్టుపక్కల టైల్స్ పని నేర్చిన పిల్లోళ్లు కనపడితే చాలు, ఇదే అడుగుతారు: "అన్నా, కువైట్ పోవల్నా, బెంగుళూరు పోవల్నా?" కువైట్‌లో ఐదేళ్లు చేసి వచ్చి, ఇప్పుడు బెంగుళూరులో సొంతంగా పనులు పట్టుకుంటున్నా. రెండుచోట్లా కూలి తిన్నోణ్ణి కాబట్టి చెప్తా.

మిగులు చూస్తే కువైటే. దినారు 270 రూపాయల పైనే. కంపెనీ రూము ఇస్తే తిండి ఖర్చు పోను మిగిలిందంతా ఇంటికే. బెంగుళూరులో గది అడ్వాన్సు, అద్దె, ఒక సైటు అయిపోయి ఇంకోటి దొరికేదాకా ఖాళీ రోజులు, అన్నీ మన నెత్తినే.

అయినా ఎవరొచ్చి అడిగినా ముందు వీసా చూపించమంటా. షూన్ వీసా, అంటే 18 నంబరు, కంపెనీ పనికి. ఖాదిం వీసా, 20 నంబరు, ఇంటిపనికి. మనవైపు చానామంది ఖాదిం మీద పోయి బయట టైల్స్ వేస్తారు. నేనూ అట్లే పోయినా. ఒక విల్లాలో బాత్రూములన్నీ నేనే వేసినా. మూలలకు 45 డిగ్రీల కటింగు, ఏ టైలు తట్టినా బోలుగా మోగదు. మూడు నెలల కూలి ఎగ్గొట్టినారు. ఎవరికి చెప్పుకోవాల? ఆ వీసా మీద ఆ పని చేయడమే తప్పు, ఫిర్యాదుకు పోతే ముందు పట్టుకునేది నన్నే. 2024లో కువైట్ సర్కారు క్షమాభిక్ష ఇచ్చినప్పుడు అకామా (అక్కడ ఉండేదానికి ఇచ్చే పర్మిట్) లేక దాక్కున్నోళ్లు మా వీధికే ఇద్దరు తిరిగొచ్చినారు, ఉత్త చేతుల్తో.

బెంగుళూరులోనూ డబ్బులు నానబెట్టేవాళ్లు ఉన్నారు. అందుకే టైల్స్ పరిచేసి, జాయింట్లు నింపకముందే లెక్క తేల్చుకుంటా. జాయింట్లు నోరు తెరుచుకున్న ఇంట్లో ఎవరూ పాలు పొంగించరు, కాబట్టి డబ్బు వస్తుంది. పని నచ్చితే ఆ ఓనరే ఇంకో ఇంటికి నా నంబరు ఇస్తాడు. కువైట్‌లో అన్నేళ్లు చేసినా నా పేరు ఎవరికీ తెలీదు. ఇక్కడ అమ్మకు బాగలేదంటే మదనపల్లె మీదుగా ఐదు గంటల్లో ఇంట్లో ఉంటా.

హైదరాబాదులో పని బోలెడు, కానీ రాజస్థాన్ మార్బుల్ వాళ్ల పోటీ గట్టిది. తెలిసిన మేస్త్రీ లేకుండా పోవద్దు. అమరావతిలో 2025 మేలో పనులు మళ్లీ మొదలైనాయి. కట్టడంలో ముందు కడ్డీ, సెంట్రింగ్ వాళ్లకు చేతినిండా పని, మన వంతు ఆఖర్న.

షూన్ వీసా, రాసిన కాంట్రాక్టు ఉంటే కువైట్‌కు నేను అడ్డం చెప్పను. ఏజెంటు పేరు మన కేంద్ర సర్కారు వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూసుకోండి. చట్టప్రకారం అతను తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతే. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి.

పోయిన వారం మా మామ కొడుకు ఖాదిం వీసాకు పొలం కుదువ పెడతానని వచ్చినాడు. పొలం కాగితాలు ఇంట్లో పెట్టి, సోమవారం కటింగ్ మిషన్ తీసుకుని నాతో బస్సెక్కమన్నా.