గంట చూసి గడప తొక్కాలి – హైదరాబాద్ గల్లీ హోటళ్లలో రెండు రోజుల తిండి యాత్ర

ఒకే టిఫిన్ సెంటర్ గురించి ఒకరు "ఇడ్లీ దూదిలా ఉంది" అంటారు, ఇంకొకరు "పిండి పులిసిపోయింది, చట్నీ నీళ్లు" అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. మొదటివాళ్లు ఏడున్నరకి వెళ్లారు, రెండోవాళ్లు పదిన్నరకి వెళ్లారు, అంతే తేడా. చిన్న హోటళ్లలో రాత్రి రుబ్బిన పిండి, పొద్దున నూరిన చట్నీ అయిపోయేదాకా అవే నడుస్తాయి. కాబట్టి ఏది ఏ గంటకి పొయ్యి మీంచి దిగుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. పేరున్న హోటల్‌కి వేళ కాని వేళ వెళ్లడం కంటే, పేరులేని బండి దగ్గర సరైన వేళకి నిలబడటం మేలు.

ముందు మకాం సంగతి. తినడానికే వచ్చేవాళ్లు గచ్చిబౌలి, హైటెక్ సిటీ వైపు దిగొద్దు. గదులు బాగుంటాయి కానీ పాతబస్తీ అక్కణ్ణించి పదిహేను ఇరవై కిలోమీటర్లు. తెల్లవారి నహారీకి (పొద్దున తినే మాంసం పులుసు) వెళ్లాలంటే ఆటో ఖర్చే తిండి ఖర్చు దాటుతుంది. నాంపల్లి, ఆబిడ్స్, కాచిగూడ, ఈ మూడింట్లో ఎక్కడ దిగినా సరిపోతుంది. స్టేషన్ల దగ్గరి లాడ్జీల్లో రెండు పద్ధతులున్నాయి. కొన్ని మధ్యాహ్నం 12కి ఖాళీ చేయమంటాయి, కొన్ని దిగిన గంట నుంచి 24 గంటలు లెక్కేస్తాయి. పొద్దున ఐదింటికి రైలు దిగేవాళ్లు మొదటి రకంలో గది తీసుకుంటే ఏడు గంటలకే ఒక రోజు అద్దె పోతుంది. డబ్బు కట్టకముందే "ట్వంటీఫోర్ అవర్స్ చెకౌటా?" అని అడిగి రసీదు మీద టైము రాయించుకోండి. వేడినీళ్లు చాలాచోట్ల పొద్దున కొన్ని గంటలే వస్తాయి, అదీ అప్పుడే అడగండి. రోడ్డు వైపు గది వద్దు, వెనక వైపు గది అడగండి. ఆబిడ్స్‌లో హారన్లు రాత్రి పదకొండుకి కూడా ఆగవు.

తిరగడానికి చాలావరకు మెట్రో చాలు. నాంపల్లి రెడ్ లైన్ మీద ఉంది. ఎంజీబీఎస్‌లో (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దిగి గ్రీన్ లైన్‌కి మారితే సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వరసగా వస్తాయి. ఈ చిన్న లైను తిండిప్రియులకి వరం. చార్మినార్‌కి ఇంకా మెట్రో లేదు, ఎంజీబీఎస్ నుంచి ఆటోలో రెండు కిలోమీటర్లు. తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఈ పథకం 2023 డిసెంబరు 9 నుంచి నడుస్తోంది. ఆంధ్ర నుంచి వచ్చేవాళ్లకి ఇది వర్తించదు, కండక్టర్‌తో వాదించి లాభం లేదు.

మొదటి పొద్దు టిఫిన్‌ది. కూర్చుని నింపాదిగా తినాలంటే ఆబిడ్స్‌లో 1948 నాటి తాజ్‌మహల్ హోటల్ ఉంది. ఇంటిల్లిపాదీ, పెద్దవాళ్లతో వెళ్లినప్పుడు అదే సుఖం. అయితే ఊరి అసలు రుచి గల్లీ చివరి టిఫిన్ సెంటర్లలోనే తెలుస్తుంది. అక్కడ పైసలు ముందు కట్టి టోకెన్ తీసుకుని దోసె మాస్టర్ ముందు పెట్టాలి. తెలియక వరసలో నిలబడితే పది నిమిషాలు ఉత్తపుణ్యానికి పోతాయి. టోకెన్ తీసుకునే ముందే మూడు చోట్ల కన్నేయండి. ఇడ్లీ పాత్ర ఎంతసేపటికోసారి దిగుతోంది? పది పన్నెండు నిమిషాలకి ఒక వాయి దిగుతుంటే అమ్మకం బాగున్నట్టు. దించిన ఇడ్లీలు బుట్టలో తడిగుడ్డ కింద ఆరిపోతుంటే దోసె చెప్పుకోండి. మన వైపు ఇడ్లీ మినప్పప్పుకి రెండింతల ఇడ్లీ రవ్వతో చేసేది, కొంచెం గరుగ్గానే ఉంటుంది. అది లోపం కాదు. పసుపు ఛాయ తిరిగి, లోపల పెద్ద పెద్ద బొక్కలుండి, నాలుక మీద ఉప్పుసబ్బు రుచి తగిలితే మాత్రం సోడా ఎక్కువ పడినట్టు. రెండోది పల్లీ చట్నీ. ఎండాకాలంలో మూడు నాలుగు గంటల్లోనే మొదట పాడయ్యేది ఇదే. గిన్నె అంచున నురగ కనబడితే ముట్టుకోవద్దు, కారప్పొడి, నెయ్యి వేయించుకోండి. మూడోది ప్లేటు. బండ్ల దగ్గర స్టీలు ప్లేటు మీద పల్చటి ప్లాస్టిక్ కవర్ పరుస్తారు. దాని మీద సలసలా కాగే సాంబారు పోయించుకోవద్దు, "సాంబార్ వేరే గిన్నెలో" అంటే ఎవరూ కాదనరు.

దోసెకి ఇంకో లెక్క ఉంది. పెనం పెట్టాక వేసే మొదటి నాలుగైదు దోసెలు అతుక్కుంటాయి. పెనం కాగి, నూనె పట్టి, ఉల్లిపాయ చెక్కతో రుద్ది ఒక దారికి వచ్చేసరికి అరగంట పడుతుంది. రద్దీ మరీ పెరిగాక ఒకేసారి ఆరేడు దోసెలు పోస్తారు, పెనం చల్లారి అవి తెల్లగా, మెత్తగా వస్తాయి. అందుకని షట్టరు ఎత్తగానే కాకుండా, రద్దీకి ముందు వచ్చే ఆ నడిమి గంట పట్టుకోవాలి. ఈ ఊరి బండి దోసె ఉడుపి దోసె లాంటిది కాదు. దోసె మీద గరిటెడు ఉప్మా, వెన్న, ఉల్లి, టమాటా, కారప్పొడి వేసి పెనం మీదే మెదిపి పూస్తారు. గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి పొద్దుటిపూట, మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండి తెల్లవారకముందే ఇందుకు పేరుపడ్డవి. రామ్ కీ బండి వేళకి మెట్రో ఉండదు, ఆటో ముందే మాట్లాడుకోండి. వెన్న, చీజు పడ్డ దోసె ఒక్కటి ఇద్దరికి చాలు. మనిషికొకటి చెప్పుకుంటే మధ్యాహ్నం బిర్యానీకి ఆకలుండదు.

టిఫిన్‌కీ బిర్యానీకీ మధ్య ఖాళీ ఇరానీ చాయ్‌ది. మామూలు టీలాగా పాలల్లో పొడి వేసి కాచేది కాదిది. ఒక పెద్ద పాత్రలో డికాక్షన్‌ని మూత బిగించి, సందుకి గుడ్డ చుట్టి, సన్న సెగ మీద మగ్గబెడతారు. పక్క పొయ్యి మీద పాలు చిక్కబడేదాకా కాగుతూనే ఉంటాయి. కప్పులో ముందు డికాక్షన్, దాని మీద పాలు. తప్పు జరిగేది డికాక్షన్‌లోనే. అతిగా మరిగితే చేదెక్కుతుంది, ఆ చేదు కప్పడానికి చక్కెర పెంచుతారు. మధ్యాహ్నం మూడింటప్పుడు అడుగున మిగిలిన దానిలో నీళ్లు కలిపి నెట్టుకొచ్చే హోటళ్లూ ఉన్నాయి. రంగు ఎరుపు తిరిగి నాలుక చివర పట్టుకుంటే అదీ సంగతి. పొద్దున ఎనిమిది, సాయంత్రం ఐదు ప్రాంతాల్లో పాత్ర కొత్తది ఎక్కి ఉంటుంది, అప్పుడు తాగాలి. రెడ్‌హిల్స్‌లోని కేఫ్ నీలోఫర్‌లో చాయ్‌తో మలై బన్ను, చార్మినార్ పక్కన నిమ్రాలో చాయ్‌తో ఉస్మానియా బిస్కెట్. రెండూ చూడదగ్గవే, కానీ నిమ్రాలో కూర్చునే ఆశ పెట్టుకోవద్దు, నిలబడి తాగి కదలాల్సిందే. ఇద్దరుంటే "వన్ బై టూ" అనండి, ఒక చాయ్ రెండు కప్పుల్లో పోసిస్తారు. ఇరానీ హోటల్ సమోసా చిన్నగా, ఉల్లిపాయ కూరతో కరకరలాడుతుంది. ప్లేటులో నాలుగు తెచ్చి ముందు పెడతారు, తిన్నవాటికే లెక్క.

బిర్యానీ గురించి ఊరంతా వాదిస్తుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చీయా, బషీర్‌బాగ్ కేఫ్ బహారా, షాలిబండ షాగౌసా అన్న తగువు తెగేది కాదు. హండీ (బిర్యానీ వండే పెద్ద పాత్ర) ఎప్పుడు తెరిచారన్నది మాత్రం తేలే విషయం. ఇక్కడి కచ్చీ దమ్‌లో పచ్చి మాంసం పెరుగు మసాలాలో నానబెట్టి అడుగున పరుస్తారు, సగం ఉడికిన బియ్యం పైన వేస్తారు, పిండితో మూత మూసి దమ్ పెడతారు. మొదటి హండీ సాధారణంగా పన్నెండుకి కాస్త అటూ ఇటూగా తెరుచుకుంటుంది. వడ్డించేవాడు పళ్లెం అంచుని హండీ గోడ వెంట నిలువుగా దింపి తీస్తే అడుగు మసాలా, నడిమి అన్నం, పైన కుంకుమపువ్వు ఛాయ మూడూ పళ్లెంలోకి వస్తాయి. పై పైన గీకితే తెల్లన్నమే వస్తుంది. మీకు మసాలా కావాలంటే "డబుల్ మసాలా" అని ముందే చెప్పండి. రెండున్నర దాటాక హండీల అడుగున మిగిలిన ముక్క ఎండిపోతుంది, అన్నం విరిగిపోతుంది. మామూలు ఆకలికి ఒక సింగిల్ ఇద్దరికి సరిపోతుంది. పార్సిల్ కట్టించి రైల్లో తిందామనుకుంటే గంటలోపే తినండి, లోపలి ఆవిరికి అన్నం ముద్దవుతుంది. సలాన్, రైతా కవర్లు బిర్యానీ డబ్బా మీద పెట్టొద్దని చెప్పండి, సగం సార్లు చిల్లుపడేది అవే.

రెండో రోజు పాతబస్తీతో మొదలుపెట్టాలి. నహారీ పొద్దుటి తిండి. రాత్రంతా సన్న సెగ మీద ఉడికిన మేక కాళ్లు, నాలుక పులుసు ఇది. పాయా అంటే కాళ్లు, జబాన్ అంటే నాలుక, తెలియక చెప్పి ఇబ్బంది పడొద్దు. పాతబస్తీ మదీనా చౌరస్తా దగ్గర షాదాబ్ లాంటి హోటళ్లలో ఏడు నుంచి తొమ్మిది లోపల వెళితే పులుసు చిక్కగా, మూతి అంటుకునేలా ఉంటుంది. తర్వాత వేడినీళ్లు పోసి పెంచుతారు, జిగురు పోతుంది. పక్కకి చార్‌కోనీ నాన్ తీసుకోండి. నాలుగు మూలల ఈ రొట్టె పురానీ హవేలీ ప్రాంతంలో తందూరు గోడకి అంటించి కాలుస్తారు. చల్లారితే తోలులా సాగుతుంది కనుక కాలగానే తినాలి. రంజాన్ నెలలో ఈ లెక్కలన్నీ తలకిందులు. పగలు చాలా హోటళ్లు మూసో, పరదా కట్టో ఉంటాయి, సాయంత్రం నుంచి సహర్ (తెల్లవారుజామున ఉపవాసానికి ముందు తినే వేళ) దాకా తింటూనే ఉంటారు. 2010లో జీఐ (భౌగోళిక) గుర్తింపు పొందిన హలీమ్ (గోధుమ, మాంసం మెదిపి వండేది) రుచి చూడాలంటే ఆ నెలలోనే రండి, ఇఫ్తార్ రద్దీ తగ్గాక ఎనిమిది తర్వాత వెళ్లండి.

మధ్యాహ్నానికి అశోక్‌నగర్, చిక్కడపల్లి మెస్సులకి రండి. గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలు వందల్లో ఉండే పేట ఇది. వాళ్ల జేబుకి తగ్గట్టే ధర, వాళ్లు రోజూ తింటారు కాబట్టి మోసం నిలవదు. నెలవారీ కార్డు ఉన్నవాళ్లది ఒక రేటు, మనలాంటివాళ్లది గెస్ట్ రేటు. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర మధ్య పప్పు, వేపుడు, పచ్చడి, పులుసు, పెరుగు అన్నీ నిండుగా ఉంటాయి. రెండున్నరకి వేపుడు ఖాళీ, చారు పల్చన, పెరుగు మజ్జిగ. ఆదివారం రాత్రి చాలా మెస్సులు మూసేస్తారు, ఆ పూటకి కర్రీ పాయింట్ గుర్తుపెట్టుకోండి. పప్పు, కూర, సాంబారు కవర్లలో కట్టిస్తారు, అన్నం ఒక్కటే వేరే చూసుకోవాలి. సాయంత్రం ఆరున్నరకి వేడిగా దొరికేది తొమ్మిదికి అడుగంటుతుంది.

రాత్రికి జొన్నరొట్టె తినకుండా ఊరు దాటొద్దు. కాలనీల మలుపుల్లో, ఫుట్‌పాత్ మీద పొయ్యి పెట్టుకుని ఆడవాళ్లు చేస్తారు. పిండిలో వేడినీళ్లు పోసి కలపడం, అరచేత్తో మెదిపి ఉండ చేయడం, పొడి పిండి చల్లిన పీట మీద చేతితో తడుతూ తిప్పడం, అంతా రెండు నిమిషాల్లో. పెనం మీద వేశాక పైముఖం మీద తడిచెయ్యి రాస్తారు. ఆ తడి ఆరగానే తిప్పుతారు, చివర మంట మీద పెడితే పూరీలా పొంగుతుంది. తడి ఆరకముందే తిప్పితే పెనానికి అంటుతుంది, ఆలస్యమైతే పగుళ్లిచ్చి పొంగదు. రొట్టె అంచులు పటపటా చిట్లుతుంటే పిండి పాతదని అర్థం, జొన్నపిండి పదిరోజులు దాటితే జిగి పోతుంది. పప్పు లేదా పండుమిర్చి తొక్కుతో తిని చూడండి. పుల్కాల్లాగా డబ్బాలో కట్టించుకుంటే గట్టిబడుతుంది, అక్కడే నిలబడి తినే వస్తువు ఇది.

బిల్లు దగ్గర రెండు మాటలు. మామూలు హోటల్లో జీఎస్టీ 5 శాతం. కాంపోజిషన్ పథకంలో (అమ్మకం మీద కొద్ది శాతం పన్ను హోటలే కట్టుకునే పద్ధతి) ఉన్న చిన్న హోటల్ బిల్లు మీద విడిగా పన్ను వేయకూడదు, వేస్తే నిలదీయండి. సర్వీస్ చార్జి ఇష్టమైతేనే ఇవ్వాలి, తీసేయమని అడిగే హక్కు మీకుంది. బండ్ల దగ్గర చిల్లర ఉంచుకోండి, పొద్దున రద్దీలో ఫోన్ చెల్లింపు మొరాయిస్తే మీ దోసె పక్కవాడికి వెళుతుంది.

మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది. రాతి కట్టడం ముందు ఐస్‌క్రీమ్ దుకాణాలున్నాయి, సీజన్ పండుదే అడగండి, చలికాలం మొదట్లో సీతాఫలం, ఎండాకాలం మామిడి. ఇంటికి తీసుకెళ్లడానికి అక్కడికి దగ్గర్లోనే నాంపల్లిలో సుభాన్ బేకరీ. ఉస్మానియా బిస్కెట్లు వేడిగా దొరికితే వెంటనే డబ్బా మూయించొద్దు. అరగంట ఆరనిచ్చి, కాగితం పరిచిన అట్టపెట్టెలో సర్దించుకోండి. వేడిమీద ప్లాస్టిక్ కవర్‌లో కట్టేస్తే రైలు కాజీపేట చేరేలోపే మెత్తబడతాయి.